రాసినవాడు పక్కన నిలబడాలి

నేను ఒక నల్లబల్లను. బడిలో పిల్లల ముందు వేలాడినదాన్ని అనుకునేరు, కాదు. నేను బజారు సరుకుని. దిమ్మలపేట బెల్లం మండీలో, జోగునాయుడి దుకాణం అరుగు మీద గోడకు ఆనుకుని నా బతుకంతా గడిచింది. అందుకే నా బుద్ధి కూడా వ్యాపారి బుద్ధే. ఏం వచ్చింది, ఏం పోయింది, చివరికి చేతిలో ఏం మిగిలింది అని చూసుకోవడమే నాకు తెలుసు. పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడిచేసే బల్లకు మిగిలేదేముంటుంది అని మీరు అడగవచ్చు. తుడిస్తే పోయేవి కొన్ని, పోనివి కొన్ని ఉంటాయి. ఆ తేడా తెలుసుకునేసరికి నాకు ముసలితనం వచ్చేసింది.

మొదట నేను ఎడ్లబండి అడుగు చెక్కను. చెరకు తోటల దగ్గర వండిన బెల్లం దిమ్మల్ని మండీకి మోసిన బండి అది. లారీలు వచ్చాక దానికి పని తగ్గింది. ఇరుసు విరిగి మూల పడ్డ బండిని జోగునాయుడి తండ్రి ఊడదీయించి, చెక్కల్లో గట్టివి ఏరి, వడ్రంగి చేత ఒకటిగా బిగింపించాడు. చెరకు రసం కాగే పొయ్యి మసిని గుంటగలగరాకు పసరుతో నూరి నాకు పూశారు. ఏటా ఉగాదికి ముందు మళ్లీ అదే పూత. నల్లగా, నున్నగా, కొత్త వ్యాపారం మొదలుపెట్టిన వాడిలా నిలబడ్డాను. చెక్కలో ఇంకిన తీపి మాత్రం ఏ పూతకూ లొంగలేదు. వానాకాలం వస్తే ఇప్పటికీ నా మీద చీమలు బారులు తీరతాయి. నన్ను ఇంకా బండే అనుకుంటాయి పాపం.

నాకు అక్షరాలు రావు. చేతి బరువుతో చదువుతాను. ధర రాసే చెయ్యి చకచకా పోతుంది. చావు కబురు రాసే చెయ్యి తేలికగా నడుస్తుంది, పక్కగదిలో పడుకున్నవాళ్లను లేపకూడదన్నట్టు. తప్పిపోయిన దూడ గురించి రాసే చెయ్యి మాటిమాటికీ ఆగుతుంది, ఎందుకంటే దూడ సొంతదారు పక్కనుంచి నుదుటి మీద మచ్చ కూడా రాయమంటూ ఉంటాడు.

ముందు నా మీద బెల్లం ధరలు మాత్రమే ఉండేవి. తండ్రి తరువాత దుకాణానికి వచ్చిన జోగునాయుడు కూడా రోజూ తెల్లవారగానే అవే రాసేవాడు. ధర చూడడానికి జనం ఎలాగూ ఆగుతున్నారు కదా అని, అతని చిన్ననాటి స్నేహితుడు కూర్మారావు వాటి కింద ఊరి వార్తలు రాయడం మొదలుపెట్టాడు. కూర్మారావు ఒక పత్రికకు ఆ ఊరి విలేకరి. పంపిన వార్త అచ్చయి తిరిగి వచ్చేసరికి మర్నాడు అయ్యేది. బల్ల మీద అయితే అప్పటికప్పుడే. ఎవరు పోయారు, ఏ వీధికి కరెంటు ఉండదు, కంటి డాక్టరు ఏ రోజు వస్తాడు, నదికి నీరు వదిలారా లేదా. పెద్ద విషయాలు కావు. కానీ అవి తెలియకపోతే మనిషికి రోజు నడవదు.

వార్తకు కూడా జోగునాయుడు మండీ రివాజే పెట్టాడు. బెల్లం వేలంపాటలో సరుకు తెచ్చినవాడు తన దిమ్మల రాశి పక్కనే నిలబడాలి. కొనేవాడు దిమ్మ మూల విరిచి నోట్లో వేసుకుంటాడు, నములుతాడు, ఉప్పగా ఉందంటాడు, పంచదార కలిపావంటాడు. తెచ్చినవాడు అన్నిటికీ జవాబు చెప్పాలి. సరుకు పడేసి పక్కకు పోతే దానికి పాట లేదు. అలాగే బల్ల మీద ఏదైనా రాసినవాడు, చదివేవాళ్లు వచ్చి అడిగేదాకా పక్కన నిలబడాలి. వార్తను కూడా మూల విరిచి రుచి చూసుకోనివ్వాలన్నమాట.

ఒకసారి కూర్మారావు పొద్దుటి బస్సు రాదని రాశాడు. చెరకు రైతు ఒకడు తువ్వాలు దులుపుకుంటూ అడిగాడు.

"రాదని ఎవరు చెప్పీరు బావూ?"

"డ్రైవరే చెప్పాడు."

"ఏ డ్రైవరు?"

"తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకుంటాడే, అతను."

"ఆడా. ఆడికి రోజూ అదే కోరిక."

మండీ అంతా నవ్వింది. కూర్మారావు కూడా నవ్వి, సైకిలెక్కి బస్టాండుకు వెళ్లి కనుక్కుని వచ్చి, ఆ వాక్యాన్ని తన చేత్తోనే తుడిచేశాడు. అప్పుడు అతనికి చిన్నతనం అనిపించినట్టు లేదు. సరుకు బాగోలేకపోతే వెనక్కి తీసుకోవడం మండీలో మామూలే.

ఆ రోజుల్లో నేను కలలు కనేదాన్ని. చలికాలం తెల్లవారుజామున తోటల నుంచి బెల్లం పొయ్యిల పొగ, మంచు కలిసి బజారులోకి పాకి వచ్చేవి. ఎదురుగా ఉన్న నూకరత్నం టిఫిను బడ్డీ దీపం ఒక్కటే పచ్చగా, నీళ్లలో వేసిన పసుపు ముద్దలా కరుగుతూ కనిపించేది. జోగునాయుడు నన్ను తడిగుడ్డతో తుడిచేవాడు. తుడిచాక, తడి ఆరేలోగా ఒక చిన్న సందు ఉంటుంది. ఆ సందులో పాత అక్షరాలన్నీ నాలోపల కదిలేవి. నిరుడు తప్పిపోయిన దూడ ధరల మధ్యలోంచి నడిచి వచ్చేది. ఎప్పుడో పోయిన తాతలు కంటి డాక్టరు కోసం వరుసలో కూర్చునేవారు. రాని బస్సు, వదిలిన నది పక్కపక్కనే మెల్లగా సాగిపోయేవి. తడి ఆరిపోగానే అన్నీ లోపలికి ఇంకిపోయేవి. అదే నా సంపాదన. అమ్మడానికి పనికిరాదు, కానీ అరగదు.

తరువాత గిరాకీ మారింది.

ఒకరోజు కూర్మారావు వచ్చి సుద్దముక్క పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. జోగునాయుడు త్రాసు పళ్లాలు తుడుస్తూ అడిగాడు.

"ఏరా కూర్మం, అలాగున్నావేటి?"

"మా పేపర్లో ఊళ్ల పేజీ తీసేస్తున్నారు. ఇంక దూడలు, డాక్టర్లు వద్దట."

"మరేటి కావాలట?"

"నా అభిప్రాయం కావాలట."

"నీకు అభిప్రాయం ఉందేట్రా?"

"లేదు. తెచ్చుకోవాలి."

తెచ్చుకున్నాడు. ఆ సరుకు దొరకడం కష్టమేమీ కాదు. అతని పత్రిక ఒక పార్టీ వైపు ఉండేది, అతనూ అటు జరిగాడు. పురపాలక చైర్మను రెండో పార్టీవాడు, జోగునాయుడికి మేనత్త కొడుకు. జోగునాయుడు ఇటు జరిగాడు. ఇద్దరూ జరగడం నేను చూశాను. ఎవరూ పరుగెత్తలేదు, నులకమంచం మీద నిద్రలో పక్కకు దొర్లినట్టు జరిగారు. లేచి చూసుకునేసరికి మధ్యలో ఎవరూ లేరు.

నూకరత్నం బడ్డీ ముందు రెండు బెంచీలు ఉండేవి. అంతకుముందు ఎవరికి చోటు దొరికిన చోట వాళ్లు కూర్చునేవారు. ఇప్పుడు ఒక్కో పార్టీకి ఒక్కో బెంచీ అయింది. నూకరత్నం నోరున్న మనిషి. మొగుడు పోయాక ఆ పొయ్యి మీదే ఇద్దరు ఆడపిల్లల్ని పెంచింది. ఇడ్లీలు వడ్డిస్తూ అనేది, "రెండు బెంచీలోళ్లకీ ఒకే రోట్లో రుబ్బుతున్నాను. తెలిసిందంటే తినడం మానెస్తారేమో."

నా మీద కూడా గొడవలు మొదలయ్యాయి. ఒకడు రాసింది ఇంకొకడు తుడవడం, తుడిచినవాడి చొక్కా పట్టుకోవడం. ఒక ఎన్నికల తరువాత జోగునాయుడు వ్యాపారికి తోచే పరిష్కారమే చేశాడు. పురికొసకు సుద్దపొడి పట్టించి, పైన ఒక కొస కూర్మారావుకి ఇచ్చి, కింద కొస తను పట్టుకుని, మధ్యలో లాగి వదిలాడు. నా నడుమ నిట్టనిలువుగా తెల్లటి గీత పడింది. ఎడమ సగం కూర్మారావు వైపువాళ్లకు, కుడి సగం జోగునాయుడి వైపువాళ్లకు. ఇంటి గోడ పంచుకున్న అన్నదమ్ముల్లా ఇద్దరూ తృప్తిగా చేతులు దులుపుకున్నారు. నా బతుకులోకెల్లా పెద్ద నష్టం అంత నీటుగా, అంత మంచి మనసుతో జరిగింది.

అప్పుడే ఇంకొకటి కూడా ఎత్తేశారు. రాసినవాడు పక్కన నిలబడాలన్న రివాజు. అభిప్రాయం పక్కన నిలబడితే దెబ్బలు పడుతున్నాయి మరి. కాబట్టి ఎవరైనా వచ్చి రాయవచ్చు, రాసి వెళ్లిపోవచ్చు.

ఇక చూడండి గిరాకీ. ముందు ఎన్నడూ లేనంత మంది నా ముందు మూగేవారు. కొత్తగా ఏదైనా తెలుసుకుని వెళ్లినవాడు మాత్రం నాకు కనబడలేదు. ఎవరి సగం వాళ్లు చదివి, తమకు ముందే తెలిసింది మళ్లీ అక్కడ ఉన్నందుకు సంతోషించి, తల ఊపుకుంటూ వెళ్లేవారు. బెల్లం కొనడానికి వచ్చి, తన సంచిలోని బెల్లాన్నే రుచి చూసుకుని, భేషని మెచ్చుకుని ఇంటికి పోయే మనిషిని నేను మండీలో ఎప్పుడూ చూడలేదు. బల్ల ముందు రోజూ చూశాను.

అభిప్రాయం రాసే చెయ్యి బరువు వేరు. అది నొక్కుతుంది. సుద్దముక్క పుటుక్కున విరిగినా ఆగదు, విరిగిన కొసతోనే గీకుతుంది. ఆ గీతలు తడిగుడ్డకు పోలేదు. ఉగాది పూతకూ పూడలేదు. చావు కబుర్లు, దూడలు తేలికగా వచ్చి తేలికగా లోపలికి ఇంకిపోయాయి. ఇవి పైనే గాట్లుగా మిగిలాయి. కలలు కూడా తగ్గిపోయాయి. తడి ఆరేలోగా దూడ రావడానికి ప్రయత్నించేది, గీత దగ్గర ఆగిపోయి, ఎటు వెళ్లాలో తెలియక అలాగే చూసేది.

ఒక వానాకాలం పొద్దున్న కూర్మారావు మోకాళ్లదాకా బురదతో వచ్చాడు. దుకాణం ఇంకా తెరవలేదు. గొడుగు అరుగు మీద పడేసి, ఎడమ సగంలో చైర్మను మీద ఉన్న తిట్ల కింద, ఖాళీ ఉన్నచోట రాశాడు. మండీ వెనక కల్వర్టు దగ్గర కుళాయి గొట్టం పగిలింది, మురుగు కలుస్తోంది, ఆ నీళ్లు తాగవద్దు. అతని చెయ్యి ఆ రోజు తేలికగా నడిచింది. ఎన్నాళ్లకో వచ్చిన పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు నేను ఆ చేతిని గుర్తుపట్టాను. నిలబడతాడేమో అనుకున్నాను. నిలబడే అలవాటు పోయి చాలాకాలమైంది. గొడుగు తీసుకుని మునిసిపాలిటీ ఆఫీసుకు చెప్పడానికి వెళ్లిపోయాడు.

కాసేపటికి చైర్మను మనిషి ఒకడు మోటారుసైకిలు మీద పోతూ ఆగి, ఎడమవైపు చూసి, కుడివైపు రాశాడు. కుళాయి నీళ్లు శుభ్రం, బురద జల్లేవాళ్లను నమ్మవద్దు. కల్వర్టు ఎటువైపు ఉందో కూడా అతను చూడలేదు. అడగడానికి ఎవరూ లేరు, అతనూ ఉండలేదు.

జోగునాయుడు వచ్చి తలుపులు తెరిచి, అగరువత్తి వెలిగించి, తన సగం చదువుకున్నాడు. అప్పుడు నూకరత్నం రెండు బిందెలతో రోడ్డు దాటి వచ్చింది.

"బావూ, నీళ్ల గురించి ఏటో రాసేరట. తాగొచ్చేటి?"

"శుభ్రమనే రాసేరు."

"ఎవరు రాసేరు?"

"మనోళ్లే."

"ఆ పక్కన కూడా ఏటో ఉన్నాదే."

"ఆళ్లు రోజూ ఏదో ఒకటి రాస్తారమ్మా."

ఆమె నా రెండు పక్కలా చూసింది. చదవడానికి కాదు. ఆమెకు అక్షరాలు పెద్దవైతేనే చదవడం వచ్చు. నా పక్కన ఎవరైనా ఉన్నారేమో అని చూసింది. ఇదివరకు ఆమె నన్నెప్పుడూ చదవలేదు, పక్కనున్న మనిషినే అడిగేది.

"రాసినోళ్లు లేరేటి?"

"ఇప్పుడెవరు నిలబడుతున్నారు నూకరత్నం."

ఆమె బిందెలు తీసుకుని కుళాయి వైపు వెళ్లింది.

రోగం ఏ బెంచీవాళ్లో అడగలేదు. వాంతులు, విరేచనాలు రెండు వైపులా మొదలయ్యాయి. వేడి టీ మాత్రమే తాగినవాళ్లు బతికిపోయారు. గిరాకీకి మరిగించి ఇచ్చి, తను మాత్రం పొయ్యి దగ్గర వేడికి తట్టుకోలేక చెంబులో పచ్చినీళ్లు గటగటా తాగే మనిషి నూకరత్నం. అందరికంటే ఎక్కువగా ఆమెకే తగిలింది. దిమ్మలు మోసే ఆటోలో గోనె పరిచి ఆమెను ఎక్కిస్తుంటే చూశాను. చెయ్యి పక్కకు వేలాడుతోంది, పిండి ఇంకా వేళ్లకు అంటుకునే ఉంది. ఆమె బడ్డీ దీపం లేని తెల్లవారుజాము నాకు ఆ మర్నాటిదే మొదటిది. మంచు లేదు, పొగ లేదు, ఎదురుగా ఏమీ లేదు.

కూర్మారావు అరుగెక్కి వచ్చాడు. జోగునాయుడు లేవలేదు.

"గవర్నమెంటాసుపత్రి నుంచి వస్తున్నాను. మాటాడడం లేదు. రేపటిదాకా ఏమీ చెప్పలేమంటున్నారు." నా ఎడమ సగం మీద చెయ్యి పెట్టి అన్నాడు, "ఒరే జోగూ, నేను రాసేనురా."

"రాసీసి ఎలిపోనావు."

"ఆఫీసుకెళ్లాను. చెప్పొద్దేటి?"

"నిలబడుంటే అడిగీవోడిని."

"నువ్వు నా పక్క చూస్తే కదా అడగడానికి. చూసినావేటి?"

జోగునాయుడు లేచి బకెట్టులో గుడ్డ ముంచాడు. మొత్తం తుడిచాడు, రెండు సగాలూ. అక్షరాలు పోయాయి, గీత పోలేదు. ఎన్నిసార్లు దిద్దారో, అది చెక్కలోకి దిగిపోయింది. కొబ్బరిపీచుతో రుద్దాడు. మసి ఊడింది కానీ గీత అలాగే ఉంది. చివరికి దాన్ని వదిలేసి, దాని మీదుగానే, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పెద్ద అక్షరాలతో రాశాడు. నూకరత్నం ఆసుపత్రిలో ఉంది. కుళాయి నీళ్లు తాగవద్దు.

రాసి, నా కుడిపక్కన నిలబడ్డాడు. కూర్మారావు కొంచెంసేపు చూసి, ఎడమపక్కకు వచ్చి నిలబడ్డాడు.

వాన పడుతూనే ఉంది. ఒకడు గొడుగు కింద నుంచి అన్నాడు, "ఏటి, ఇద్దరూ ద్వారపాలకుల్లాగ నిలబడ్డారు. లోపల దేవుడెవరు?" ఎవరూ నవ్వకపోతే అతనూ చదివాడు. చదివి, ఎందుకు తాగకూడదని అడిగాడు. కూర్మారావు కల్వర్టు దగ్గర పగిలిన గొట్టం సంగతి చెప్పాడు. నువ్వు చూశావా అని అడిగాడు. చూశాను, ఇదిగో బురద మరక ఇంకా పోలేదు అని పంచె చూపించాడు. మరి శుభ్రమని రాశారే అని ఇంకొకడు జోగునాయుణ్ణి నిలదీశాడు. జోగునాయుడు తల దించుకోకుండానే చెప్పాడు, "రాసినోణ్ణి నేను అడగలేదు. అడగకుండానే ఆమెకి చెప్పీసినాను." ఆ రోజు అతను ఒక్క దిమ్మ కూడా అమ్మలేదు. అడిగినవాళ్లకు జవాబు చెబుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి రెండు బెంచీల వాళ్లూ కల్వర్టు దగ్గరకు చూడడానికి వెళ్లారు. సాయంత్రానికి అక్కడ గుంట తవ్వుతున్న చప్పుడు నాకు వినిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆటోవాడు బజారులోంచి పోతూ, ఆపకుండానే కేక వేశాడు. "కళ్లు తెరిసింది. టీ అడుగుతున్నాది." జోగునాయుడు అరుగు మెట్టు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. కూర్మారావు నా మీద ఆ కబురు రాశాడు. అతని చెయ్యి ఎంత వేగంగా పరుగెత్తిందంటే, అది నాకు తప్ప ఇంకెవరికీ చదవడం రాలేదు.

నూకరత్నం తిరిగి వచ్చినప్పుడు సగం మనిషైంది. నేరుగా నా దగ్గరకే వచ్చింది.

"నా పేరు రాసేరట. అచ్చరాలు పెద్దవేనా?"

"పెద్దవే," అన్నాడు జోగునాయుడు.

"ఎవరు రాసేరు?"

"నేనే."

"నిలబడినావా?"

"ఇద్దరం నిలబడ్డాం."

ఆమె వాళ్లిద్దర్నీ ఎగాదిగా చూసింది. "పోన్లెండి, నేను పోతే మొయ్యడానికి చెరో పక్కా మనుషులున్నారన్నమాట," అని బడ్డీ తాళం తీయడానికి వెళ్లిపోయింది.

ఆ తరువాత ఊరు బాగుపడిపోయిందని చెప్పను. వ్యాపారిని, లేని సరుకు ఉందనను. జోగునాయుడు, కూర్మారావు ఇప్పటికీ చెరో పార్టీకే ఓటు వేస్తారు. మిగిలినవాళ్ల తిట్లు నా మీద నుంచి సెల్‌ఫోన్లలోకి వెళ్లాయి. అక్కడ నిలబడడానికి అరుగు కూడా లేదు. కూర్మారావు పత్రిక జిల్లా ఎడిషన్నే ఎత్తేసింది. మండీ బైపాసు రోడ్డు పక్క కొత్త యార్డుకు మారింది. అక్కడ ధరలు ఎర్ర దీపాలతో వాటంతట అవే మారతాయట. రోడ్డు వెడల్పు చేయడానికి మా అరుగు కొట్టేశారు. నన్ను పాత ఇనుము కొట్టువాడు ఎగాదిగా చూసి, చెక్క మాకెందుకని వదిలేశాడు.

అప్పుడు నూకరత్నం వచ్చింది. "ఈ చెక్క నాకిచ్చీ బావూ. నీళ్ల డ్రమ్ముకి మూత లేదు."

వడ్రంగి నన్ను పడుకోబెట్టి కొలిచాడు. మధ్య గీతను వేలితో తడిమి, "గీత ఉండనే ఉంది కదమ్మా. దీని మీదే కోసీమంటావా?" అన్నాడు.

"ఒద్దు. అడ్డంగా కొయ్యి. రెండు పక్కలా ఆనాల."

అడ్డంగానే కోశాడు. పైన ధరలు రాసే భాగం పోయింది. అది నష్టమే, కాదనను.

ఇప్పుడు నేను బడ్డీలో నీళ్ల డ్రమ్ము మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ముఖం పైకే. కింద నుంచి చల్లటి చెమ్మ రోజంతా చెక్కలోకి ఎక్కుతూ ఉంటుంది. నా తడి ఇక ఆరదు. అందుకే నా కల కూడా ఇక తెగదు. దూడ వస్తుంది, తాతలు వస్తారు, బస్సు వెనక నది వస్తుంది. దూడ ఇప్పుడు గీత దగ్గర ఆగదు, దాన్ని వాసన చూసి దాటిపోతుంది. పైన గాట్లలో చీమలు బారులు తీరతాయి, వాటికి గాట్లంటే దారులే.

జోగునాయుడు, కూర్మారావు రోజూ వస్తారు. ఇద్దరిదీ ఇప్పుడు ఒకే బెంచీ, ఎందుకంటే రెండోది విరిగిపోయింది. దాని మీద కూర్చునే పోట్లాడుకుంటారు. మధ్యమధ్య కొత్త మొహం ఎవరైనా టిఫినుకు కూర్చుని, గ్లాసు చేతిలోకి తీసుకుని, అనుమానంగా అడుగుతారు.

"నీళ్లు మంచివేనా అమ్మా?"

నూకరత్నం నన్ను ఒక చేత్తో ఎత్తి, నడుముకు ఆనించి నిలబెట్టుకుంటుంది. రెండో చేత్తో గ్లాసు ముంచి, వాళ్లు చూస్తుండగా తను తాగుతుంది. అడిగినవాళ్లు ఆగుతారు. బెంచీ మీద పోట్లాట కూడా ఆగుతుంది. ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా నేను ఆమె పక్కన నిలబడి ఉంటాను.